“పేరెంట్స్” పక్కన అపాస్ట్రఫీ ఎప్పుడు? వెర్బ్ తర్వాతా, ప్రిపోజిషన్ తర్వాతా?

కొత్తచిగురు:

అందరికీ నమస్కారం. ఇంగ్లీషులో అపాస్ట్రఫీ (’) అనే ఒక చిన్న గుర్తు వారం రోజులుగా నన్ను తెగ ఇబ్బంది పెడుతోంది.

పిల్లల చదువు చూసుకునే ఉద్యోగంలో కొత్తగా చేరాను. ప్రతి శుక్రవారం ఇంగ్లీషులో రిపోర్ట్ రాయాలి. మొదటి రిపోర్ట్‌లో ఇలా రాశాను: “ఐ మెట్ ది పేరెంట్స్’ అండ్ స్పోక్ టు దెమ్ అబౌట్ ది స్టూడెంట్స్’ మార్క్స్.” మా మేడమ్ “పేరెంట్స్’” చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టారు. “స్టూడెంట్స్’” జోలికి మాత్రం పోలేదు. ఎందుకో అడుగుదామంటే ఆవిడకి తీరిక లేదు.

నాకు నేనే ఒక రూల్ అనుకున్నాను: వెర్బ్ తర్వాత వస్తే అపాస్ట్రఫీ వద్దు, ప్రిపోజిషన్ తర్వాత వస్తే కావాలి. ఆ లెక్కన రెండో రిపోర్ట్‌లో రాశాను: “ఐ చెక్డ్ ది స్టూడెంట్స్ నోట్‌బుక్స్ అండ్ గేవ్ దెమ్ బ్యాక్ టు ది స్టూడెంట్స్’.” ఈసారి రెండు చోట్లా ఎర్ర సున్నాలే! ఇప్పుడు శుక్రవారం వస్తోందంటే టెన్షన్. అసలు రూల్ ఏమిటో ఎవరైనా చెబుతారా?

(ఇంగ్లీషు వాక్యాలు కూడా తెలుగు లిపిలోనే రాస్తున్నాను, గుర్తు మాత్రం ఉండాల్సిన చోట పెడుతున్నాను. మీరూ అలాగే రాస్తే నాకు పోల్చుకోవడం తేలిక.)

పలకబలపం:

అమ్మా, మీరు ఎడమవైపు చూస్తున్నారు. చూడాల్సింది కుడివైపు.

ఆ మాటకి ముందు వెర్బ్ ఉందా, ప్రిపోజిషన్ ఉందా అన్నదానికీ అపాస్ట్రఫీకీ సంబంధం లేదు. ముందు “మెట్” ఉన్నా, “అబౌట్” ఉన్నా, “టు” ఉన్నా, “ఫ్రమ్” ఉన్నా ఒకటే. ఆ మాట తర్వాత దానికి చెందిన వస్తువో, విషయమో ఇంకొకటి వచ్చిందా? వస్తే గుర్తు కావాలి, రాకపోతే అక్కర్లేదు. “స్టూడెంట్స్’ మార్క్స్”లో మార్కులు వచ్చాయి. “మెట్ ది పేరెంట్స్” అన్నాక ఏమీ రాలేదు, మీరు కలిసింది పేరెంట్స్‌నే, వాళ్ళకి చెందినదాన్ని కాదు.

క్లాసులో పిల్లలకి నేను నేర్పిన కొలత ఒకటుంది. ఆ బహువచనం మాట తీసేసి, దాని చోట సర్వనామం పెట్టండి. “దెమ్” పడితే గుర్తు వద్దు. “దెయిర్” పడితే గుర్తు కావాలి. మీ నాలుగు చోట్లా పెట్టి చూద్దాం.

ఐ మెట్ దెమ్. గుర్తు వద్దు.
అబౌట్ దెయిర్ మార్క్స్. గుర్తు కావాలి.
ఐ చెక్డ్ దెయిర్ నోట్‌బుక్స్. కావాలి.
బ్యాక్ టు దెమ్. వద్దు.

ఇంకో సంగతి. మీ మొదటి వాక్యంలోనే “స్పోక్ టు దెమ్” అని సరిగ్గా రాశారు. “స్పోక్ టు దెయిర్” అని మీ చేయి పోలేదు. అంటే తేడా మీకు లోపల తెలుసు. మాట బదులు గుర్తు వచ్చేసరికి తడబడుతున్నారు, అంతే.

కొత్తచిగురు:

మాస్టారూ, చాలా థ్యాంక్స్. పాత మెయిల్స్ కూడా తీసి, 11 చోట్ల పెట్టి చూశాను. అన్ని చోట్లా తేలింది. కానీ ఒకటి అర్థం కాలేదు. “విత్”, “అబౌట్”, “ఫర్” రాయగానే నా చేయి దానంతటదే గుర్తు పెట్టేస్తోంది. రూల్ తెలిశాక కూడా! ఇది నా ఒక్కదానికేనా?

విభక్తి:

మీ ఒక్కరికే కాదండీ. నాకు చాలా ఏళ్ళు ఉండేది. అది తెలుగు నుంచి వచ్చిన అలవాటని నా గట్టి నమ్మకం. ఎందుకంటారా, కాస్త ఓపిగ్గా చదవండి.

“పిల్లలు” అన్న మాట తీసుకుందాం. పిల్లలు వచ్చారు, పిల్లలు ఆడుతున్నారు. ఇలా పని చేసేవాళ్ళుగా ఉన్నంతసేపే చివర “లు”. విభక్తి తగిలిందంటే “లు” పోయి “ల” అవుతుంది. పిల్లలని చూశాను. పిల్లలకి ఇచ్చాను. పిల్లలతో మాట్లాడాను. పిల్లల గురించి, పిల్లల కోసం, పిల్లల వల్ల. సరే, ఇప్పుడు సొంతం చెప్పండి: పిల్లల పుస్తకాలు, పిల్లల మార్కులు. అదే “ల”!

అంటే తెలుగులో “ఎవరి?” అన్నదానికి వాడే రూపమూ, “గురించి, కోసం, తో” ముందు వచ్చే రూపమూ ఒక్కటే. ఏకవచనంలో కూడా అంతే: ఇల్లు, ఇంటి తలుపు, ఇంటికి, ఇంటి ముందు. “పిల్లల గురించి” అన్నప్పుడు, “పిల్లల మార్కులు” అన్నప్పుడు మన నోట్లో తిరిగేది ఒకే మాట. ఇంగ్లీషులో రాసేటప్పుడు “పిల్లల” అనుకోగానే చేయి అపాస్ట్రఫీ కోసం వెతుక్కుంటుంది. కానీ ఇంగ్లీషు అక్కడ రెండుగా చీలుతుంది: “అబౌట్ ది చిల్డ్రన్”, “ది చిల్డ్రన్’స్ మార్క్స్”. మొదటిదాంట్లో మాట ఉన్నదున్నట్టే ఉంటుంది.

నిజానికి ఇంగ్లీషుకీ ఒకప్పుడు మనలాగే విభక్తులు ఉండేవి. వెయ్యేళ్ళ కిందటి ఇంగ్లీషులో రాయి “స్తాన్”. రాళ్ళు “స్తానస్”. ఒక రాయికి చెందినదంటే “స్తానెస్”, రాళ్ళకి చెందినదంటే “స్తాన”, రాళ్ళతో అనాలంటే “మిద్ స్తానుమ్”. అప్పట్లో ముందున్న ప్రిపోజిషన్‌ని బట్టి మాట రూపం మారేది. మీ రూల్ ఆ కాలంలో కొంతవరకు నడిచేదన్నమాట! తర్వాత ఆ చివరలన్నీ అరిగిపోయి “ఎస్” ఒక్కటే మిగిలింది. బహువచనానికీ అదే, సొంతానికీ అదే. చెవికి తేడా తెలియదు కాబట్టి కంటికి చూపించడానికి ఈ గుర్తు పనికొచ్చింది. ఒక్కరి సొంతానికి దాన్ని పెట్టడం 17వ శతాబ్దంలో అలవాటైంది. బహువచనం చివర ఉత్త గుర్తు పెట్టడం అంతకంటే ఆలస్యంగా స్థిరపడింది.

విభక్తి రూపాల తేడా ఇంకా బాగా కనబడేది సర్వనామాల్లోనే: దే, దెమ్, దెయిర్. మాస్టారు చెప్పిన కొలత అంత బాగా పనిచేసేది అందుకే.

రెండోచదువు:

విభక్తి గారూ, “చెవికి తేడా తెలియదు” అన్నారు చూడండి, నా బాధంతా అక్కడే. నలభై దాటాక ఇంగ్లీషు మళ్ళీ మొదలుపెట్టాను. ఒకసారి డిక్టేషన్‌లో “ది గర్ల్స్ రూమ్” అన్నారు. నేను “గర్ల్’స్” అని రాశాను, పక్కాయన “గర్ల్స్’” అని రాశాడు, వెనకాయన గుర్తే పెట్టలేదు. ముగ్గురం ఒకటే విన్నాం! గదిలో ఉండేది ఒక అమ్మాయా, నలుగురా అన్నది తెలిస్తే గానీ రాయలేమని ఆ రోజు తెలిసింది.

అప్పటి నుంచి నా పద్ధతి ఇది. ముందు గుర్తు సంగతి మర్చిపోయి బహువచనం పూర్తిగా రాసేస్తాను. రాశాక చివరి అక్షరం చూస్తాను. “ఎస్” ఉంటే దాని వెనక ఉత్త గుర్తు: టీచర్స్’, పేరెంట్స్’, లేడీస్’, బాసెస్’. “ఎస్” లేకపోతే గుర్తు పెట్టి “ఎస్” చేరుస్తాను: చిల్డ్రన్’స్, మెన్’స్, విమెన్’స్, పీపుల్’స్. “చిల్డ్రన్స్’” అని రాసేవాళ్ళు చాలామంది. అది తప్పు, ఎందుకంటే “చిల్డ్రన్స్” అన్న బహువచనమే లేదు.

రాత్రిబడి:

ఒక అడ్డు ప్రశ్న. ఒక కథలో ఈ వాక్యం చదివాను: “వియ్ స్టేడ్ ఎట్ మై గ్రాండ్‌పేరెంట్స్’.” కుడివైపు ఏ మాటా లేదు, ఫుల్‌స్టాప్ ఉంది. అయినా గుర్తు పెట్టారు. అచ్చుతప్పా? లేకపోతే “ఎట్” అన్న ప్రిపోజిషన్ వల్లే వచ్చిందా?

పలకబలపం:

అచ్చుతప్పు కాదు, “ఎట్” వల్లా కాదు. అక్కడ ఇల్లు దాక్కుని ఉంది. “ఎట్ మై గ్రాండ్‌పేరెంట్స్’ హౌస్” అనడానికి బదులు హౌస్ వదిలేస్తారు. మనం “తాతయ్య వాళ్ళింట్లో ఉన్నాం” అంటాం. మనకి ఇల్లు మాటలో పైకే వినిపిస్తుంది, వాళ్ళకి ఆ గుర్తులో దాగి ఉంటుంది.

పక్కపక్కన పెట్టి చూడండి. “వియ్ స్టేడ్ విత్ మై గ్రాండ్‌పేరెంట్స్.” ఇక్కడ గుర్తు లేదు. తాతయ్యా వాళ్ళతో ఉన్నాం, మనుషులతో. “విత్” తర్వాత “దెమ్” పడుతుంది. “ఎట్” దగ్గర “దెమ్” పడదు, మనుషుల మీదా వాళ్ళ లోపలా ఉండలేం కదా. ఇంట్లో ఉంటాం.

కాబట్టి నా మొదటి మాటకి ఒక చేర్పు: కుడివైపు మాట కనబడకపోయినా, మనసులో ఉందేమో చూడండి. అలాంటప్పుడు కొలతలో పడే మాట “దెయిర్స్”. పోలికల్లో ఇది ఎక్కువగా వస్తుంది. “మై మార్క్స్ ఆర్ బెటర్ దాన్ మై ఫ్రెండ్స్’.” అంటే ఫ్రెండ్స్ మార్కుల కంటే. గుర్తు తీసేస్తే మార్కుల్ని మనుషులతో పోల్చినట్టవుతుంది. “దీస్ బుక్స్ ఆర్ ది స్టూడెంట్స్’.” ఈ పుస్తకాలు పిల్లలవి. తెలుగులో “వి” ఎక్కడ చేరుతుందో అక్కడ ఇంగ్లీషులో ఈ గుర్తు పడుతుందని గుర్తుపెట్టుకుంటే చాలు.

విభక్తి:

మాస్టారు పోలికలు చెప్పారు కాబట్టి నాకిష్టమైన జత ఒకటి:

“ఎ ఫోటో ఆఫ్ మై పేరెంట్స్.”
“ఎ ఫోటో ఆఫ్ మై పేరెంట్స్’.”

రెండూ సరైనవే, రెండింటిలోనూ “ఆఫ్” ఉంది. కానీ మొదటిదాంట్లో ఫోటోలో ఉన్నది అమ్మానాన్నలు. రెండోదాంట్లో ఫోటో వాళ్ళది, అందులో కొండ ఉండొచ్చు, కుక్కపిల్ల ఉండొచ్చు. తెలుగులో “అమ్మానాన్నల ఫోటో” అంటే రెండర్థాలూ వస్తాయి, సందర్భం చూసి పోల్చుకోవాలి. ఒక చిన్న గుర్తు ఇంత పని చేస్తుందని తెలిసినప్పుడు నాకు నిజంగా ఒళ్ళు పులకరించింది.

ఫోటో లాంటివాటిలో తప్ప మిగతా చోట్ల అంత తేడా రాదు. “ఎ ఫ్రెండ్ ఆఫ్ మై పేరెంట్స్” అన్నా, చివర గుర్తు పెట్టినా ఒకటే అర్థం, రెండూ వాడుకలో ఉన్నాయి. సర్వనామం వస్తే మాత్రం “ఎ ఫ్రెండ్ ఆఫ్ దెయిర్స్” అనే అంటారు.

ప్రూఫ్‌రూమ్:

నేను ప్రూఫులు దిద్దే పనిలో ఉన్నాను. మనుషుల దగ్గర ఈ గుర్తు తప్పు పెట్టేవాళ్ళ కంటే రోజులూ వారాలూ నెలల దగ్గర తప్పు పెట్టేవాళ్ళు నాకు ఎక్కువ తగులుతారు. అక్కడ “దెమ్, దెయిర్” కొలత సాయం చేయదు.

ఉద్యోగం మానేటప్పుడు రాసే ఉత్తరం ఉంటుంది కదా. “ఐ యామ్ గివింగ్ టూ వీక్స్’ నోటీస్.” ఇక్కడ గుర్తు ఉండాలి. “ఐ జాయిన్డ్ టూ వీక్స్ అగో.” ఇక్కడ ఉండకూడదు. ఏం తేడా? నేను చేసేది చెబుతాను. రెండుని ఒకటి చేసి పైకి చదువుతాను. “వన్ వీక్’స్ నోటీస్” అంటాం, “ఎస్” వినిపిస్తుంది. “వన్ వీక్ అగో” అంటాం, “ఎస్” వినిపించదు. ఒకటి దగ్గర “ఎస్” వినిపిస్తే, రెండు దగ్గర గుర్తు పడుతుంది. అంతే.

ఇలాగే:

వన్ డే’స్ లీవ్, త్రీ డేస్’ లీవ్.
వన్ డే లేట్, త్రీ డేస్ లేట్. గుర్తు లేదు.
ఇన్ ఎ వీక్’స్ టైమ్, ఇన్ టూ వీక్స్’ టైమ్.
ఇన్ ఎ వీక్, ఇన్ టూ వీక్స్. గుర్తు లేదు.
వన్ మంత్ ప్రెగ్నెంట్, సిక్స్ మంత్స్ ప్రెగ్నెంట్. గుర్తు లేదు.

“ఇన్” రెండు వరసల్లోనూ ఉంది చూశారా? ఒక చోట గుర్తు ఉంది, ఒక చోట లేదు. మాస్టారు అన్నట్టు ప్రిపోజిషన్‌కి ఇందులో పాత్రే లేదు.

విభక్తి గారు చెప్పిన “ల” ఇక్కడ కూడా కాలికి అడ్డం పడుతుంది. “రెండు వారాల నోటీసు”, “రెండు వారాల క్రితం”, “ఆరు నెలల గర్భిణి”. అన్నింటికీ మనకి “ల”నే. అందుకే దిద్దడానికి వచ్చే కాగితాల్లో “టూ ఇయర్స్’ అగో” అని తరచుగా కనబడుతుంది.

రెజ్యూమెల్లో తప్పు పోయే జత ఇంకోటి: “టెన్ ఇయర్స్’ ఎక్స్‌పీరియన్స్” అంటే గుర్తు కావాలి, “టెన్ ఇయర్స్ ఆఫ్ ఎక్స్‌పీరియన్స్” అంటే వద్దు. సొంతం చెప్పే పని “ఆఫ్” చేసేసింది, మళ్ళీ గుర్తు ఎందుకు? ముందు “ఎ” పెట్టి “ఎ టూ-వీక్ కోర్స్” అని గీతతో కలిపి రాస్తే “ఎస్” కూడా ఉండదు.

రాత్రిబడి:

అద్భుతం అండీ. ఒకటి చేసి చదవడం నాకు బాగా పట్టుబడింది. ఇంకొక్కటి అడిగి వదిలేస్తాను. “ఐ ఎంజాయ్డ్ ది చిల్డ్రన్ సింగింగ్” అనాలా, “ది చిల్డ్రన్’స్ సింగింగ్” అనాలా? వెర్బ్ తర్వాత రెండూ కనిపిస్తున్నాయి.

విభక్తి:

ఇది పెద్దవాళ్ళు పోట్లాడుకున్న చోటు. 1920లలో ఇంగ్లీషు వాడుక గురించి రాసిన ఫౌలర్, “సింగింగ్” లాంటి మాట ముందు అపాస్ట్రఫీ లేకుండా రాయడం తప్పని గట్టిగా వాదించాడు. డెన్మార్క్ భాషావేత్త యెస్పర్సన్ దాన్ని ఒప్పుకోలేదు, మంచి రచయితలు ఎప్పటి నుంచో అలా రాస్తూనే ఉన్నారని ఉదాహరణలు చూపించాడు. ఇప్పటి వాడుకలో రెండూ చెల్లుతున్నాయి. గుర్తు పెడితే కాస్త పుస్తకాల భాషలా ఉంటుంది.

నా మట్టుకు నేను దేన్ని మెచ్చుకుంటున్నానో చూసుకుంటాను. పాట బాగుందంటే “ది చిల్డ్రన్’స్ సింగింగ్”. పాడుతున్న పిల్లల్ని చూసి ముచ్చటపడ్డానంటే “ది చిల్డ్రన్ సింగింగ్”. తెలుగులో ఈ బాధ లేదు. “పిల్లలు పాడటం నచ్చింది” అంటాం, “పిల్లల పాడటం” అనం. “పిల్లల పాట” అంటాం. కొత్తచిగురు గారు ఆఫీసు రిపోర్ట్‌లో దీని జోలికి పోకుండా వాక్యం తిప్పి రాసుకోవడం మేలు.

వెన్నెలదారి:

ఇంతవరకు చదువుతూనే ఉన్నాను, ఇప్పుడు నా సందేహం. “టీచర్స్’ డే”లో గుర్తు ఉంది. అమెరికావాళ్ళ “వెటరన్స్ డే” (మాజీ సైనికుల రోజు)లో లేదు. “మదర్’స్ డే”లో ఎస్ ముందు ఉంది. వీటికి రూల్ ఏమైనా ఉందా?

ప్రూఫ్‌రూమ్:

పేర్ల దగ్గర రూల్ కంటే పేరు పెట్టినవాళ్ళ మాటే చెల్లుతుందండీ. “మదర్’స్ డే” కోసం పాటుపడిన ఆనా జార్విస్ అది ఏకవచనంగానే ఉండాలని పట్టుబట్టింది. అందరు తల్లులకీ కలిపి కాదు, ఎవరి తల్లికి వాళ్ళు చేసుకునే రోజు అని ఆవిడ ఉద్దేశం. “వెటరన్స్ డే” మీద అమెరికా ప్రభుత్వం ఇచ్చే వివరణ వేరు: ఆ రోజు వెటరన్స్ సొత్తు కాదు, వాళ్ళని గౌరవించే రోజు, అందుకే గుర్తు లేదు. లండన్ మెట్రోలో “ఎర్ల్’స్ కోర్ట్” స్టేషన్‌కి గుర్తు ఉంది, పక్క స్టేషన్ “బారన్స్ కోర్ట్”కి లేదు!

పేరు ఎలా ఉంటే అలా దించేయడమే. ఒక్క మినహాయింపు: “చిల్డ్రన్”, “మెన్”, “విమెన్” ఉన్న పేర్లలో “ఎస్” ముందు గుర్తు మానేస్తే తప్పే. కారణం రెండోచదువు గారు పైన చెప్పేశారు.

కొత్తచిగురు:

మీ అందరికీ ఎలా థ్యాంక్స్ చెప్పాలో తెలియడం లేదు. ఈ వారం రిపోర్ట్ రాసేశాను. పంపే ముందు ఒక్కసారి చూస్తారా?

“ఐ థ్యాంక్డ్ ది పేరెంట్స్ ఫర్ కమింగ్, నోటెడ్ ది టీచర్స్’ సజెషన్స్, అండ్ డిస్కస్డ్ ది చిల్డ్రన్’స్ ప్రోగ్రెస్ విత్ దెమ్. ఆఫ్టర్ త్రీ డేస్’ లీవ్, ఐ కంపేర్డ్ దిస్ మంత్’స్ మార్క్స్ విత్ లాస్ట్ మంత్స్’.”

“విత్” చూసి చివర గుర్తు పెట్టలేదు మాస్టారూ, నిజంగా! మార్కులు దాక్కున్నాయని పెట్టాను.

పలకబలపం:

మార్కులు దాక్కున్న సంగతి కరెక్ట్‌గా పట్టుకున్నారు. మొదటి వాక్యంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. కానీ ఆ చివరి మాట ఇంకోసారి చూడండి.

రెండోచదువు:

పోయిన నెల ఒక్కటే కదండీ?

కొత్తచిగురు:

అయ్యో, అవును! “లాస్ట్ మంత్’స్.” మార్చేశాను, ఇప్పుడే పంపుతున్నాను.